డిప్రెస్డ్ నుంచి షెడ్యూల్డ్ దాకా: మన పేర్ల వెనుక ఇంగ్లీషు మాటల చరిత్ర

డాక్టర్ అంబేద్కర్ రచనల్ని తెలుగులో చదివే విద్యార్థులకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషు మూలంలో ఒకచోట 'డిప్రెస్డ్ క్లాసెస్' అని, ఇంకోచోట 'అన్‌టచబుల్స్' అని, మరోచోట 'షెడ్యూల్డ్ కాస్ట్స్' అని ఉంటుంది. 1931 జనగణన రిపోర్టు తీస్తే 'ఎక్స్‌టీరియర్ కాస్ట్స్' కనిపిస్తుంది. గాంధీ రాతల్లో 'సప్రెస్డ్ క్లాసెస్' తగులుతుంది. తెలుగులోకి వచ్చేసరికి ఇవి చాలాచోట్ల 'అణగారిన వర్గాలు' అయిపోతాయి. పాత పుస్తకమైతే 'నిమ్న జాతులు'. ఇదేమిటని అడిగితే, ఎవర్ని గురించి మాట్లాడుతున్నారో తెలుస్తూనే ఉంది గదా అంటారు.

ఎవర్ని గురించో తెలుస్తుంది, నిజమే. ఎవరు చేశారో మాత్రం తెలియదు. ఈ మాటలన్నీ డిక్షనరీలో ఒకదాని పక్కన ఒకటి కూచునేవే. చరిత్రలో మాత్రం ఒకదానితో ఒకటి పోట్లాడినవి. అందుకే ప్రతి మాటనూ మూడు ప్రశ్నలు అడగాలని మేము అనుకుంటున్నాము. ఈ స్థితికి కారణం ఎవరని ఈ మాట చెప్తుంది? దీని కిందికి ఎవరు వస్తారు, ఎవరు రారు? ఈ మాటను పట్టుకుని ఏ హక్కు అడగవచ్చు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ పోతే ఇది వ్యాకరణం గొడవ కాదని తేలుతుంది.

1. చేసినవాడు కనపడని మాట

'డిప్రెస్' అంటే కిందికి నొక్కడం. కానీ 'డిప్రెస్డ్' అనే రూపం ఇంగ్లీషులో ఎక్కువగా ఒక స్థితిని చెప్పడానికే వాడుకైంది. వ్యాపారం డిప్రెస్డ్‌గా ఉంది అంటారు, మనసు డిప్రెస్డ్‌గా ఉంది అంటారు. నొక్కిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు. మన 'అణగారిన' కూడా అట్లాంటిదే. అణగారడం తనంత తాను జరిగే పని, మంట అణగారినట్టు. 'అణచడం' వేరు. అణచాలంటే అణచేవాడు ఒకడుండాలి.

19వ శతాబ్దం చివరికల్లా మిషనరీలూ, తెల్ల అధికారులూ, హిందూ సంస్కర్తలూ అందరూ 'డిప్రెస్డ్ క్లాసెస్' అనే మాటకు అలవాటు పడ్డారు. 1906లో బొంబాయిలో విఠల్ రామ్‌జీ షిండే పెట్టిన సంస్థ పేరు డిప్రెస్డ్ క్లాసెస్ మిషన్. 1917లో కలకత్తా కాంగ్రెస్ మహాసభ మొదటిసారి ఈ వర్గాల గురించి తీర్మానం చేసింది. ఆచారం వీళ్ళమీద మోపిన అశక్తతల్ని తొలగించాలని దేశ ప్రజల్ని కోరింది. జాగ్రత్తగా చూడండి, ఇక్కడ కర్త ఎవరు? ఆచారం. ఆచారానికి ఊరూ పేరూ ఉండదు, దాన్ని బోనులో నిలబెట్టడం కుదరదు. తీర్మానం చేసినవాళ్ళ ఇళ్ళలోనే ఆ ఆచారం నడుస్తున్నదన్న సంగతి ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

ఈ మాటతో ఇంకో ఇబ్బంది ఉంది. దీనికి హద్దు లేదు. చదువు లేక కిందపడ్డవాళ్ళు డిప్రెస్డేనా? బీదరికంలో ఉన్న శూద్ర కులాలు కూడానా? కొండల్లో ఉండే ఆదివాసులు కూడానా? ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్క వేసింది. ఆ సందిగ్ధం తర్వాత ఎట్లాంటి ఎసరు పెట్టిందో ముందు ముందు చూద్దాం.

2. ఒప్పుకున్న మాట, మళ్ళీ దాచిన మాట

1920లో గాంధీ యంగ్ ఇండియాలో ఒక మంచి పాయింటు ఎత్తారు. వివేకానంద పంచముల్ని 'సప్రెస్డ్' అనేవారనీ, 'డిప్రెస్డ్' కంటే అదే సరైన విశేషణమనీ రాశారు. మనం వాళ్ళను అణచివేశాం, దానివల్ల మనమే దిగజారిపోయాం అన్నది ఆయన వాదం సారాంశం. 'సప్రెస్' అనే క్రియలో కర్త లేకుండా తప్పించుకోవడం కష్టం. తిరుగుబాటును సప్రెస్ చేస్తారు, వార్తను సప్రెస్ చేస్తారు. ఎవరో ఒకరు కావాలనే చేస్తారు. గాంధీ ఆ 'ఎవరో' స్థానంలో 'మనం' అని పెట్టారు. సవర్ణుల వైపునుంచి ఇది ఒప్పుకోలు. దాన్ని మేము కాదనము.

అయితే ఈ ఒప్పుకోలు ఎంతకాలం నిలిచింది? పూనా ఒప్పందం 1932 సెప్టెంబర్ 24న జరిగింది. 1933 ఫిబ్రవరిలో 'హరిజన్' వారపత్రిక మొదలైంది. గుజరాతీ భక్తకవి నరసింహ మెహతా వాడిన మాట అని గాంధీ దానికి ఆధారం చూపించారు. 'సప్రెస్డ్'లో అణచినవాడున్నాడు. 'హరిజన్'లో హరి ఉన్నాడు, జనం ఉన్నారు, అణచినవాడు లేడు. పదమూడేళ్ళలో ఒప్పుకోలు భక్తిగా మారిపోయింది.

1938 జనవరిలో ఈ మాట చట్టంలోకి ఎక్కబోయింది. బొంబాయి శాసనసభలో కాంగ్రెస్ ప్రభుత్వం స్థానిక సంస్థల బిల్లులో అస్పృశ్యులకు 'హరిజన్' అనే పేరు వాడబోయింది. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున భావురావ్ గైక్వాడ్ అభ్యంతరం చెప్పారు. మేము దేవుడి బిడ్డలమైతే తక్కినవాళ్ళు రాక్షసుల బిడ్డలా అని అడిగారు. మా పేరు మేము ఒప్పుకున్నదై ఉండాలన్నది అంబేద్కర్ పక్షం పట్టు. ఓటింగులో ఆ అభ్యంతరం వీగిపోయింది. అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు సభనుంచి బయటికి నడిచారు. ఆ పేరు వాడవద్దని 1982లో కేంద్ర హోం శాఖే రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. ఆ వాకౌట్‌కూ ఈ ఉత్తర్వుకూ మధ్య 44 ఏళ్ళు. ఈలోగా మన ఊళ్ళలో ఎన్ని 'హరిజనవాడ' బోర్డులు లేచాయో మనందరికీ తెలుసు.

3. ఒక్క అక్షరం తేడా

1931 జనగణనకు కమిషనర్ జె.హెచ్. హట్టన్. 'డిప్రెస్డ్' అనే మాట తృప్తిగా లేదని ఆయన 'ఎక్స్‌టీరియర్ కాస్ట్స్' అనే మాట తీసుకున్నారు. అది అస్సాం జనగణన అధికారి సూచించిన మాట. ఎక్స్‌టీరియర్ అంటే వెలుపలిది. దీన్ని ఎందుకు ఎంచుకున్నారో హట్టన్ చెప్పిన కారణం మనకు ముఖ్యం.

ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి, పలికితే రెండూ ఒకటే. 'అవుట్‌కాస్ట్' చివర ఇంగ్లీషు 'ఇ' అక్షరం లేకపోతే వెళ్ళగొట్టబడినవాడు అని అర్థం. ఆ 'ఇ' చేరిస్తే కులవ్యవస్థకు బయట ఉన్నవాడు అని అర్థం. మొదటివాడు ఏదో తప్పు చేసి కులంనుంచి వెలి అయినవాడు. రెండోవాడు ఏ తప్పూ చేయలేదు, లోపలికి ఎన్నడూ రానీయలేదు, అంతే. కానీ ఒకే ఉచ్చారణ కావడంవల్ల మొదటిమాటకున్న తప్పు వాసన రెండోమాటకూ అంటుకుంది. ఆ మచ్చ లేకుండా ఉండాలనే 'ఎక్స్‌టీరియర్' అని హట్టన్ వివరించారు. లోపలికి రానీయకపోవడం వేరు, లోపలున్నవాణ్ణి గెంటడం వేరు, 'ఎక్స్‌టీరియర్' మొదటిదాన్నే చెప్తుంది అన్నది ఆయన లెక్క.

ఈ తేడా తెలుగువాళ్ళకు ఇంకా బాగా తెలియాలి. మన భాషలో 'వెలి' అనే ఒక్క ముక్క ఈ రెండు పనులూ చేస్తుంది. 'వెలివాడ' ఊరికి వెలుపల ఉన్న వాడ. 'వెలివేయడం' ఒక శిక్ష. వెలివాడలో పుట్టిన బిడ్డ ఏ నేరం చేసి అక్కడ పుట్టింది? మాట ఒకటే కావడంతో శిక్షకూ పుట్టుకకూ మధ్య గీత చెరిగిపోయింది. పైగా వెలివాడలో ఉన్నవాళ్ళు ఎదురు తిరిగితే వాళ్ళకు మళ్ళీ ఇంకో వెలి. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఊచకోతకు ముందు జరిగింది ఇదే, దళితులకు పనులు బందు చేసి సాంఘిక బహిష్కరణ పెట్టారు. అప్పటికే వెలుపల ఉన్నవాణ్ణి మళ్ళీ వెలివేయడం ఎట్లా సాధ్యమంటే, అతని చాకిరీ ఎప్పుడూ ఊరి లోపలే ఉంది కాబట్టి. 'ఎక్స్‌టీరియర్' అనే మాట ఈ సంగతిని పట్టుకోలేకపోయింది. అది మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పింది గానీ అతని చాకిరీ ఎవరి పొలంలో ఉందో చెప్పలేదు.

4. మాట ఇరుకైతే సీటు గల్లంతు

రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ 'డిప్రెస్డ్ క్లాసెస్' ప్రతినిధులుగానే వెళ్ళారు. కానీ 1931 నవంబర్ 4న ఇద్దరూ ఇచ్చిన అదనపు మెమొరాండంలో ఆ పేరే మార్చమని అడిగారు. ఆ మాట కించపరిచేదిగా ఉందన్నారు. 'నాన్ కాస్ట్ హిందూస్', 'ప్రొటెస్టెంట్ హిందూస్', 'నాన్ కన్ఫర్మిస్ట్ హిందూస్' అనే పేర్లు సూచించారు. ఈ పేర్లు చూస్తే ఒకటి తెలుస్తుంది. వాళ్ళు కింద ఉన్నవాళ్ళమని చెప్పుకోదల్చలేదు. ఒప్పుకోనివాళ్ళమని చెప్పుకోదల్చుకున్నారు.

1932లో లోథియన్ అధ్యక్షతన ఓటుహక్కు కమిటీ దేశం తిరిగింది. డిప్రెస్డ్ క్లాసులు ఎంతమంది ఉంటే ఆ లెక్కన సీట్లు ఇవ్వాలి. అప్పటిదాకా ఈ జనాభా సంఖ్య మీద పెద్దగా తగాదా లేదు. సంఖ్యకూ సీటుకూ ముడి పడగానే తగాదా మొదలైంది. యునైటెడ్ ప్రావిన్సెస్ విషయంలో అంబేద్కర్ ఇచ్చిన లెక్కలు చూడండి. జనగణన ప్రకారం 1 కోటి 26 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వ అంచనా 68 లక్షలు. రాష్ట్ర ఫ్రాంచైజీ కమిటీ లెక్కలో 6 లక్షలు! మనుషులు ఎక్కడికీ పోలేదు. మాట అర్థాన్ని ఎంత ఇరికిస్తే అంతమంది కాగితం మీద మాయమయ్యారు.

అందుకే 1932 మే 1న కమిటీకి ఇచ్చిన నోట్‌లో అంబేద్కర్ రెండు పనులు చేశారు. మొదటిది, డిప్రెస్డ్ అంటే అస్పృశ్యులే అని గీత గీశారు. బీదరికం, చదువులేమి కొలతలు కావన్నారు. హట్టన్ కూడా తన పరీక్షల్లో, కేవలం అజ్ఞానంవల్లా బీదరికంవల్లా వెనకబడ్డ కులాన్ని వేరుగా చూడాలన్నారు. రెండోది, అస్పృశ్యతకే రెండు అర్థాలున్నాయని చూపించారు: 'లిటరల్', 'నోషనల్'. నిజంగా తాకితే మైల అనుకుని దూరం జరగడం లిటరల్. రైలు పెట్టెలో, పట్నం సందులో ఇది కుదరదు, ఎవరు ఎవర్ని రాసుకుపోయారో చూసేవాడు లేడు. అంతమాత్రాన అస్పృశ్యత పోయిందా? మనసులో ఆ మనిషి అంటరానివాడుగానే ఉంటాడు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు అది బయటపడుతుంది. అది నోషనల్. ఈ రెండో అర్థం లేకపోతే రైలెక్కిన ప్రతి అస్పృశ్యుడూ లెక్కలోంచి దిగిపోయేవాడే. ఇప్పటికీ మా ఊళ్ళో అంటరానితనం లేదండీ అనేవాళ్ళు చూసేది లిటరల్ అర్థాన్నే.

5. షెడ్యూల్డ్: జాబితా ఇచ్చింది, జాబితా తీసుకుంది

'షెడ్యూల్' అంటే చట్టం చివర అతికించే పట్టిక. 1935 భారత ప్రభుత్వ చట్టం, 1936 ఉత్తర్వు 'షెడ్యూల్డ్ కాస్ట్స్' అనే మాటను స్థిరపరిచాయి. పూర్వం డిప్రెస్డ్ క్లాసులుగా పిలవబడిన వారికి సరిపోలే కులాలు అని చట్టం నిర్వచనం ఇచ్చింది. ఈ మాటలో జాలి లేదు, దేవుడు లేడు, తిట్టు లేదు. అణచినవాడు కూడా లేడు. కానీ ఇదివరకటి ఏ మాటకూ లేని బలం దీనికి వచ్చింది. పట్టికలో పేరుంటే ఉన్నట్టే, ఏ జమీందారూ, ఏ కమిటీ ఛైర్మనూ 6 లక్షలే అని కుదించడానికి లేదు. అంబేద్కర్ 1942లో నాగపూర్‌లో పెట్టిన పార్టీకి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అని పేరు పెట్టుకోవడం వెనుక ఈ లెక్క ఉందని మా అభిప్రాయం.

జాబితాకు ఇంకో ముఖం ఉంది. 1936 ఉత్తర్వే భారతీయ క్రైస్తవుల్ని షెడ్యూల్డ్ కులాల్లోంచి తప్పించింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దాన్ని హిందువులకు పరిమితం చేసింది, కొన్ని సిక్కు కులాలకు మినహాయింపుతో. 1956లో సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తీయలేదు. ఈ విషయం పరిశీలించమని 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఒకే పల్లెలో, ఒకే వరసలో, ఒకే ఇంటిపేరుతో ఉన్న మాల మాదిగ కుటుంబాల్లో ఒకరు ఎస్సీ, ఒకరు బీసీ-సి. ఊరి కామందు ఇద్దర్నీ గడప బయటే నిలబెడతాడు. అక్కడ 'అన్‌టచబుల్' అయినవాడు ఆఫీసులో 'షెడ్యూల్డ్' కాలేదు. ఈ రెండు మాటల మధ్య తేడా ఏమిటని అడిగే విద్యార్థికి ఇంతకంటే మంచి ఉదాహరణ మేము చూపలేము.

'క్లాస్', 'కాస్ట్' అనే మాటల పేచీ కూడా ఇక్కడే ఉంది. డిప్రెస్డ్ 'క్లాసెస్' కాస్తా షెడ్యూల్డ్ 'కాస్ట్స్' అయ్యాయి. 'కాస్ట్స్' బహువచనం. 1994 నుంచి మాదిగ దండోరా అడిగింది ఈ బహువచనాన్ని గుర్తించమనే. 2000లో ఉమ్మడి రాష్ట్రం 59 కులాల్ని నాలుగు గ్రూపులు చేసింది: రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 7, మాల గ్రూపుకు 6, ఆది ఆంధ్ర గ్రూపుకు 1 శాతం. 2004లో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో షెడ్యూల్డ్ కులాలన్నీ కలిపి ఒకే క్లాస్, విడదీయరాదని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తీర్పుతో దాన్ని మార్చి వర్గీకరణ చేయవచ్చంది. ఒక ఏకవచనం విలువ ఇరవై ఏళ్ళు.

6. మనం పెట్టుకున్న పేర్లు

ఇవన్నీ ఎక్కువగా బయటివాళ్ళు పెట్టిన పేర్లు. మనవాళ్ళు ఊరుకోలేదు. 1917 నవంబర్‌లో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ పిలిచారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచమ అనే పేరును కాదని ఆ సభ తనను ఆది ఆంధ్ర సభగా మార్చుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అనే మాటల బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే మాటలు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. 'ఆది' అనడంలో చరిత్ర ఉంది: ముందు మేమే ఉన్నాం, తర్వాత వచ్చినవాళ్ళు మమ్మల్ని బయటికి నెట్టారని. అందర్నీ కలపడానికి పుట్టిన పేరు అది. జాబితా దాన్ని ఏం చేసిందో చూడండి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల పట్టికలో 'ఆది ఆంధ్ర' మాల, మాదిగల పక్కన ఇంకో కులంగా నిలిచిపోయింది. కాదనుకున్న 'పంచమ' కూడా అదే పట్టికలో ఉంది.

'దళిత' మరాఠీలోంచి మనకు బలంగా వచ్చింది. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు, 1985లో కారంచేడు తర్వాత మన దళిత మహాసభ. దళిత అంటే నలగగొట్టబడిన, చీల్చబడిన. 'సప్రెస్డ్'లాగే దీనిలోనూ కర్త దాగి ఉన్నాడు. తేడా ఏమిటంటే గాంధీ అన్నప్పుడు అణచినవాడి పశ్చాత్తాపం, మనం అన్నప్పుడు నలిగినవాడి ఫిర్యాదు. పైగా దీనికి మతం గడప లేదు, మాల మాదిగ క్రైస్తవుడు కూడా దళితుడే. 2018లో కేంద్ర సమాచార శాఖ ప్రైవేటు టీవీ ఛానళ్ళకు 'దళిత' మాని 'షెడ్యూల్డ్ కాస్ట్' వాడమని సలహా ఇచ్చింది. జాబితా మాటకూ ఫిర్యాదు మాటకూ తేడా ప్రభుత్వానికి మనకంటే బాగా తెలుసునన్నమాట.

7. చట్టంలో మూడు మాటలు

చివరగా ఇంకో మాటల వరస. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. గుడి, బావి, కొట్టు, హోటలు వద్దకు రానీయకపోతే నేరం. 1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. ముందు 'అఫెన్స్', తర్వాత 'సివిల్ రైట్స్'. 1985 జూలై 17న కారంచేడులో జరిగింది ఈ రెండు మాటల్లోనూ ఇమడలేదు. మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. నీళ్ళు సివిల్ రైట్ కావచ్చు, గొడ్డళ్ళతో వెంటాడి చంపడాన్ని ఏమంటారు? 1989 చట్టంలో 'అట్రాసిటీ' అనే మాట వచ్చింది. హత్య, దాడి అందరి మీదా జరగవచ్చు. కులం పేరుతో, ఒక సమూహాన్ని లొంగదీయడానికి జరిగే క్రూరత్వానికి వేరే పేరు కావాలని చట్టం ఒప్పుకుంది. భూమి లాక్కోవడం, వెట్టి చేయించడం ఆ మాట కిందికి వచ్చాయి. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా చేరింది. చుండూరులో ఎనిమిది మందిని చంపిన 24 ఏళ్ళకు 'వెలి' నేరాల పట్టికలోకి ఎక్కింది.

తెలుగులో దీన్ని 'అత్యాచారాల నిరోధక చట్టం' అంటున్నారు. అత్యాచారం అంటే హద్దుమీరిన ప్రవర్తన అని పాత అర్థం. ఇవాళ పేపర్లలో అది మానభంగానికే వాడుకైపోయింది. చట్టం పేరు విన్న కుర్రాడు ఇది ఆడవాళ్ళ మీద జరిగే నేరాలకే అనుకుంటే తప్పెవరిది? మన పల్లెల్లో జనం ఈ చిక్కును ఎప్పుడో తేల్చుకున్నారు. స్టేషనుకు పోయి 'అట్రాసిటీ కేసు పెట్టండి' అంటారు. అక్షరం రాని అవ్వకు కూడా ఆ మాట తెలుసు. ఎస్సై దాన్ని 'గొడవ' అని రాసుకోబోతే కాదు, అట్రాసిటీ అని రాయమని పట్టుపడుతుంది.

ఆ అవ్వకున్న పట్టు మన అనువాదాల్లో, పాఠాల్లో కూడా ఉండాలని మేము కోరుతున్నాము. 'డిప్రెస్డ్' అని ఉన్నచోట అణగారిన అనండి, అది ఆనాటి మాట కాబట్టి, కానీ అది ఎవరి మాటో పక్కన చెప్పండి. 'సప్రెస్డ్' అయితే అణచివేయబడిన అనండి. 'ఎక్స్‌టీరియర్' అయితే వెలుపలి కులాలు అనండి, వెలివేయబడిన అనవద్దు. 'షెడ్యూల్డ్'ను షెడ్యూల్డ్‌గానే ఉంచండి, దాని వెనుక పట్టిక ఉంది, పట్టిక వెనుక హక్కు ఉంది, పట్టిక బయట నిలబెట్టిన మనవాళ్ళూ ఉన్నారు. క్లాసులో ఈ మాటలు వచ్చినప్పుడు బోర్డు మీద వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా చేసినవాడు ఎవరు, లెక్కలోకి వచ్చేది ఎవరు, దొరికే హక్కు ఏది అని పిల్లల చేతనే రాయించండి. కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో మాట్లాడుకోవడంతో మన చరిత్ర పాఠం మొదలుపెట్టవచ్చు.